చెంబెడు ఖాళీ

నా మొగుడు ఎల్గుజాకి వాసన తెలియదన్న సంగతి ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూపోతూ ఆయన ముక్కుని కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద వెల్లుల్లి మాడి బొగ్గవుతుంటే పక్కనే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుతున్నాడు. అప్పుడు పట్టుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ రెట్టించలేదు.

ఇంకో మనిషికైతే అదేమంత పెద్ద లోటు కాదు. మా కాఖేతీ సీమలో నేలలో పాతిన మట్టిబానల్లో తెల్లద్రాక్ష వైను పెట్టేవాడికి ముక్కే ఆస్తి. కిందటేడు మా బాన చెడింది. పండక్కి వచ్చినవాళ్ళు ఒక గుక్క తాగి గ్లాసులు కింద పెట్టేస్తే, ఈయన ఒక్కడే ఆనందంగా ముంత ఖాళీ చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తోటలో సగం వాటా ఉన్న మా బావగారు శల్వా ఊరుకోలేదు. ఈ ఏడు కూడా బాన చెడితే బానలున్న గది మూసేసి, వచ్చే ఏటినుంచి పండంతా ఫ్యాక్టరీకి తోలేద్దామని తేల్చి చెప్పాడు. ఎల్గుజా సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కోతల ముందు తనే బానలోకి దిగాడు. చెర్రీ బెరడు కుంచెతో రెండు రోజులు తోమాడు. ఆఖరి కడుగు నీళ్ళు కడిగినవాడే ఒక గుక్క తాగి చూపించాలి, అది మా దగ్గర ఆనవాయితీ. ఆయన తాగి మూతి తుడుచుకుని, శుభ్రంగా ఉందన్నాడు. ఒకసారి నన్నూ చూడనిమ్మని గిన్నె కోసం చెయ్యి చాచాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ గిన్నె నేల మీద బోర్లించేశాడు.

అంతే, ఆ క్షణం నుంచి నాకు మనశ్శాంతి కరువైంది. పండు తొక్కి, తొక్కలతో సహా బాన నింపి, పులిసినన్నాళ్ళూ కలిపి, డిసెంబరులో రాతిమూత పెట్టి మట్టి మెత్తాం. ఈస్టరు దాటేదాకా దాన్ని ముట్టుకోకూడదు. మట్టి ఎండి బీటలు వారకుండా రోజూ పొద్దున్నే నీళ్ళు చల్లడం నా పని. చల్లినప్పుడల్లా మూత దగ్గర ముక్కు పెట్టి చూసేదాన్ని. తడిమట్టి వాసన తప్ప ఏం వస్తుంది? చిక్కుళ్ళలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఊరికే కోళ్ళని తిట్టాను. లోపల బూజు పట్టిందేమో, ఆయన పరువు ఆ మూత కింద కుళ్ళిపోతోందేమో అని ఒకటే గుబులు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన తీగలు కత్తిరించడానికి తోటకి వెళ్ళాడు. నేను పార తీసుకుని మట్టి గీకేశాను.

మూత జరిపానో లేదో, ఎండు ఆప్రికాట్ల వాసన, కాదు కాదు, ముందు తేనె, తరవాత పచ్చి అక్రోటు తొక్క, ఆ పైన అటక మీద మాగిన సీమదానిమ్మ. రంగు పల్చటి టీ రంగు. నమ్మలేక చెంబు ముంచి తాగాను. ఏడుపొచ్చింది. ఎంగిలి తిరిగి బానలో పొయ్యకూడదు గనక చెంబు మొత్తం తాగేశాను. అప్పుడు గుర్తొచ్చింది, బాన అంచుదాకా నిండుగా ఉండాలని. ఆ చెంబెడు ఖాళీలోనూ గాలి చేరి వైనుని పుల్లబెడుతుంది. నింపుదామంటే ఇంట్లో ఇంకో చుక్క వైను లేదు. ఇంతలో గేటు దగ్గర ఆయన దగ్గు వినిపించింది. చేతికందిన మట్టి, సరిగ్గా పిసకనైనా పిసక్కుండా, మెత్తి పారిపోయాను.

అది మర్నాడే ఒక పక్క బీటవారింది. నీళ్ళు పోశాను, మళ్ళీ మెత్తాను, మళ్ళీ బీటవారింది. అంతకు ముందు ఆయన చేతులమీద అనుమానం, ఆ తరవాత నా చేతులమీద. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

ఈస్టరు తరవాత శల్వా బావగారు వేడి రొట్టెలు, జున్ను పట్టుకుని వచ్చాడు. ఎల్గుజా మూత తీశాడు. పైన పల్చగా తెల్లటి పొర కట్టి ఉంది. ఆయన గబగబా గరిటెతో దాన్ని తోసేసి, అన్నకి గ్లాసు నింపి ఇచ్చాడు.

బావగారు నోట్లో పోసుకుని, కష్టంమీద మింగాడు. "పుల్లగా కొడుతోంది. ముక్కు మూసుకుని కడిగావేంట్రా?"

ఆయనకేం తెలుసు పాపం, మాటవరసకి అన్నాడు. ఎల్గుజా మొహం మాత్రం పాలిపోయింది. తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు, ఇంకోసారి పీల్చాడు. ఏమీ దొరకలేదు.

"సరే అన్నా," అన్నాడు. "మాటిచ్చానుగా. గది మూసేద్దాం."

ఇంక ఆగలేకపోయాను.

"కడగడంలో తప్పు లేదు బావగారూ. ఫిబ్రవరిలో నేను మూత తీశాను. చెంబెడు తాగాను, ఖాళీ పూడ్చలేదు. మట్టి కూడా పిసకలేదు. పాడు చేసింది నేను."

"ఎందుకు తీశావమ్మా? పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదానివేగా."

అది నేను చెప్పే మాట కాదు. ఎల్గుజానే చెప్పాడు.

"నాకు వాసన తెలీదన్నా. రెండేళ్ళయింది. దీనికి తెలుసు. నన్ను నమ్మలేక తీసింది."

బావగారు గ్లాసు కింద పెట్టబోయి మళ్ళీ చేతిలోనే ఉంచుకున్నాడు. ఎల్గుజా నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా పడేదాన్నే.

"అప్పుడెలా ఉంది?" అన్నాడు.

"ఏది?"

"నువ్వు తీసినప్పుడు. నా వైను."

తేనె అన్నాను. పచ్చి అక్రోటు తొక్క అన్నాను. అటక మీద మాగిన సీమదానిమ్మ అన్నాను. ఒక్కొక్క మాటకీ ఆయన తల పంకిస్తుంటే నా కళ్ళు చెమర్చాయి.

బావగారు గది మూసే మాట పక్కన పెట్టేశాడు. వచ్చే ఏడు వీడు కడగాలట, ఆఖరి నీళ్ళు నేను తాగాలట, తరవాత ఈస్టరు దాకా పార మాత్రం తన ఇంట్లో దాచుకుంటాడట.

ఎల్గుజా ఆ మాటలేవీ విన్నట్టు లేదు. గ్లాసు మీద ముక్కు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోసారి చెప్పవే," అన్నాడు. "మెల్లిగా."