కొత్త ప్రెస్సు పాఠం

చెప్పుల ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ వదినే. నిజంగా వరస కలిసేది మాత్రం ఒక్కరికే, తోలు కోసే చోట పక్కనే నిలబడే ఆడబిడ్డకి. మొగుడితో పడక పుట్టింటికొచ్చేసిన ఆ పిల్లని చెయ్యి పట్టుకుని పనికి తెచ్చింది వదినే.

తోలు కోసే కొత్త ప్రెస్సులు దిగిన రోజు, పాత మిషన్లు ఒక్కొక్కటే బయటికి పోతుంటే నేలమీద నూనె మరకలు బయటపడ్డాయి. తెరమీద బొమ్మలు నొక్కి నడిపే కొత్త పనిని వదిన ఇట్టే పట్టేసింది. మేనేజరు పిలిచాడు.

"మిగతావాళ్ళకి నువ్వే నేర్పు. వారానికో జట్టు, చివర్లో పరీక్ష. పాసైనవాళ్ళు ఉంటారు."

కానివాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మొదటి జట్టులో తప్పినవాళ్ళు మర్నాటినుంచి గేటు దగ్గర కూడా కనబడలేదు.

రెండో జట్టులో ఆడబిడ్డ వంతొచ్చింది. ఆ పిల్లది మహా చురుకైన చెయ్యి. ఇప్పుడు అదే కొంప ముంచేలా ఉంది. పాత ప్రెస్సు కాలితో తొక్కితేనే దిగేది. తోలు వంకరైతే చెయ్యి దూర్చి సర్దుకునేవాళ్ళు. కొత్తది ఎవరి కాలి మాటా వినదు, తన సమయానికి తను దిగుతుంది. చెయ్యి అడ్డొస్తే ఆపే కన్నొకటి దానికుంది. కానీ తోలు అంచు తగిలినా ఆగిపోతోందని, పని సాగడంలేదని ఆ కన్నునే ఆపేయించారు.

"చెయ్యి తియ్యవే!" అని అరిచీ అరిచీ వదిన గొంతు బొంగురుపోయింది.

"తీశాగా!" అని నవ్వేది ఆడబిడ్డ.

వదిన మేనేజరు దగ్గరికెళ్ళింది. "ఇంకో వారం నేర్పనివ్వండి సార్. మనసుకొచ్చింది, చేతికి రాలేదు."

"వారంలో రాకపోతే ఇక రాదనే కదా? నువ్వే చెప్పు, తీసెయ్యమంటావా?"

ఆ సాయంత్రం వంటింట్లో ఆడబిడ్డ గరిటె ఊపుతూ, "ఫెయిల్ చేశావో, రోజంతా ఇంట్లో నాతోనే వేగాలి, చూస్కో!" అంది. ఇద్దరూ నవ్వారు. వదిన భర్త మాత్రం నవ్వలేదు. "సొంత మనిషి, ఆ మాత్రం చూడలేవా?" అన్నాడు.

పరీక్షనాడు ఆడబిడ్డ చెయ్యి ముందుకెళ్ళబోయి, ఆగి, వెనక్కొచ్చింది. అది వదిన ఒక్కతే చూసింది. "పాస్," అంది. చుట్టూ చప్పట్లు.

తర్వాతి జట్టుకి పాఠం చెబుతుండగా అవతల ప్రెస్సు ఒక్కసారి మెత్తగా మోగింది. తోలుమీద పడ్డ చప్పుడు కాదది. వదిన అటు తిరిగేలోపే కేక వినబడింది.

రెండు వేళ్ళు పోయాయి. ఆస్పత్రి మంచంమీద ఆ పిల్ల ఏడవలేదు, తిట్టనూలేదు. కట్టుకట్టిన చేతిని చూసుకుంటూ, "నువ్వు పాసన్నావుగా వదినా. నాకొచ్చేసిందనే అనుకున్నా," అంది. ఆ మాట కంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

మర్నాడు వదిన ఫ్యాక్టరీకెళ్ళి, జట్టంతా వింటుండగా అంది: "మా పిల్లకి పని రాలేదు. తెలిసీ పాస్ చేశాను. తప్పు నాది. కానీ ప్రెస్సు కన్ను మళ్ళీ తెరిచేదాకా ఇంకెవరికీ నేర్పను."

మేనేజరు కోప్పడలేదు. చుట్టూ చూసి, వదిన చేతికింద మొదటి జట్టులో పాసైన ఆవిణ్ణి రమ్మన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే వచ్చి వదిన చోట నిలబడింది.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు.

కూర్చున్నవాళ్ళలో ఒకావిడ చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కుంది. లేచినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. వదిన గుమ్మం దాటాక ఎవరో లోపలినుంచి తలుపు మూశారు.