మూత మీద పేరు

నేను ఒక రెండు గిన్నెల స్టీలు క్యారేజీని. విజయనగరంలో నన్ను కొన్న రోజే నారాయణమ్మ నా మూత మీద తన పేరు చెక్కించింది. "తీసుకెళ్ళేది అబ్బాయి కదా, అతని పేరు చెక్కనా?" అని కొట్టువాడు అడిగితే, "వండీది నేను కదా బాబూ. ఎక్కడైనా మర్సిపోతే నా పేరు సూసి తెచ్చిస్తారు" అంది. అప్పుడే నేను పోయినట్టూ, కొడుకు పస్తు ఉన్నట్టూ ఆవిడ మొహం వాడిపోయింది.

కొడుకు గౌరినాయుడు పత్రికా విలేకరి. మధ్యాహ్నం ఆఫీసులో నా మూత తీయగానే పక్క కుర్చీ శ్రీహరి చెయ్యి ముందు పడేది. అతనూ విలేకరే. గౌరికి పని నేర్పింది అతనే, నా నువ్వుపొడి ఊడ్చిందీ అతనే.

తర్వాత శ్రీహరి ఒక జనపనార మిల్లులో పీఆర్వోగా చేరాడు. మిల్లు గురించి పేపర్లలో మంచిగా వచ్చేలా చూడటం అతని ఉద్యోగం. నా తిండి తిన్న మనిషి హోటల్లో ప్రెస్‌మీట్లు పెట్టి గౌరికి బిర్యానీ తినిపించసాగాడు. బల్ల కింద సంచిలోంచి ఆ తెల్ల ప్లేట్లను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. వాటికి మూత లేదు, పేరు లేదు. తిన్నాక అందరికీ ప్రెస్‌నోట్ పంచేవాడు. వార్త అందులో వండి సిద్ధంగా ఉండేది. గౌరి దాని పైన తన పేరు పెట్టుకుని పేపరుకు పంపేవాడు.

నిండుగా తిరిగొచ్చిన నన్ను చూస్తే నారాయణమ్మ గుండె జారిపోయేది.

"కడుపులో ఏటైనా బాగులేదేటిరా? ఎవులైనా మందెట్టీసినారేటి?"

"ప్రెస్‌మీట్లో తిన్నానమ్మా."

"ఆళ్ళెందుకు పెడతారు నీకు?"

గౌరి చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోయాడు.

మిల్లు వైద్య శిబిరం శుక్రవారం. ప్రెస్‌నోట్ గురువారమే బిర్యానీతో పాటు వచ్చింది. శనివారం పేపర్లో గౌరి పేరుతో వార్త పడింది. నారాయణమ్మ నన్ను తోమడం ఆపి, అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"మూడొందల మందికి పరీక్షలు చేసినారంట. ఇందులో నేనున్నానేటిరా?"

"నువ్వు వెళ్ళావా?"

"దగ్గు తగ్గట్లేదు, ఏ పాడు రోగమోనని ఎల్లినాను. సందేళ దాకా నిలబడినాం. డాక్టరు రానేలేదు."

ఆవిడ తడి చేత్తో నా మూత ఎత్తి చూపింది.

"దీని మీద నా పేరుంది, ఇందులోది నేను వండిందే. నువ్వు పేరు నీదెట్టి, వంట ఆ మిల్లోళ్ళ చేత చేయించీసినావేటి?"

ఆ మధ్యాహ్నం గౌరి నన్ను పక్కన పెట్టుకుని మిల్లు గేటు దగ్గర కూర్చుని, శిబిరానికి వెళ్ళినవాళ్ళను ఒక్కొక్కరినే అడిగి రాసుకున్నాడు. శ్రీహరి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఇది వస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఆ వార్త మీద నా పేరుందన్నా."

శ్రీహరి చూపు నా మీద పడింది. "అమ్మ నువ్వుపొడి పెట్టిందా?"

నేను బిగుసుకుపోయాను. బిర్యానీ చేసిన పని నా నువ్వుపొడి కూడా చేస్తుందేమోనని భయం. గౌరి మూత లాగి తీసి నన్ను ఇద్దరి మధ్యా పెట్టాడు. శ్రీహరి గిన్నె ఊడ్చాడు. గౌరి తను రాసుకున్న పుస్తకం ఎడమచేత్తో పట్టుకునే తిన్నాడు.

ఆదివారం పేపర్లో డాక్టరు రాలేదనీ, చూడకుండా రాయడం తన తప్పేననీ గౌరి పేరుతోనే వచ్చింది. నారాయణమ్మ రెండుసార్లు చదివింది. "ఆ శ్రీహరికి ఉద్యోగం పోతే ఏటి తింటాడో" అంటూ నువ్వులు వేయించడానికి లేచింది.

ఇప్పుడు నాలో నువ్వుపొడి రెండింతలు ఉంటోంది. ఎవరి కోసమో నాకు తెలుసు. బిర్యానీ సంగతి నేను మరిచిపోలేదు. అందుకే మూత అంత సులువుగా రానివ్వను.