ఎర్రదారం గ్లాసు

ముక్కుబావ పద్దెనిమిదేళ్లుగా తన వీపు మీదే బతికాడని ఆ ఇంటి కొడుకు లెక్క. అక్కను చేసుకుని ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే ముక్కుబావ పీపాలోంచి చెంచాడు వైన్ తీసి, వాసన చూసి, "ఇది తూర్పు వాలు కాయ. వాన పడ్డాక కోశారు" అన్నాడు. నిజమే. నాన్న పొంగిపోయి నలుగురిలో అనేశాడు: "దేవుడు మా అల్లుడికి ముక్కిచ్చాడు, కొడుక్కి వీపిచ్చాడు." అందరూ నవ్వారు. ఏడో తరగతిలో బడి మానేసి, అప్పటికే పదిహేనేళ్లుగా ద్రాక్షతోట కొండ మీద రాళ్లేరుతున్న కొడుకూ నవ్వాడు. ఆ నవ్వు మాత్రం ఈనాటికీ అరగలేదు.

నాన్న పోతూ కొండవాలంతా పిల్లలిద్దరికీ పంచాడు, కొండ నెత్తిన ఉన్న పైచెక్క తప్ప. పలకరాళ్ల నేల, ముత్తాత నాటిన ముసలి తీగలు. దాన్ని ముక్కలు చేయడానికి ఆయనకు చేతులు రాలేదు. "ఒక ఏడాది చెరి సగం వరసలూ చేసుకోండి. ఎవరి వైన్ మేలైతే చెక్క వాళ్లది. సంఘంలో తేల్చుకోండి" అని రాసి పెట్టాడు.

తోటల వాళ్ల సంఘంలో ఇలాంటి తగువులకు ఓ పద్ధతి ఉంది. కోత అయ్యాక రెండు పీపాలూ సంఘం నేలమాళిగలోకి పోతాయి. తాళం సంఘాన్ని నడిపే పెద్దమ్మ దగ్గర. ఏడాది తిరిగాక ఆమే కాదు, తగువు పడ్డవాళ్లిద్దరూ కూడా రుచి చూసి ఇరవైకి మార్కులు వేయాలి. ఏ గ్లాసు ఎవరిదో ముగ్గురికీ తెలియదు. అరవై ఏళ్లు వైన్ పుక్కిలించి ఉమ్మిన పెద్దమ్మ దీనికో మాట చెప్పేది: "కళ్లకు గంత కట్టినా కన్నబిడ్డ చెయ్యి తెలుస్తుంది. తెలియనివాడికి బిడ్డెందుకు?"

ఆ రోజు సున్నం వేసిన గదిలో, ఉత్తరపు కిటికీ కింద, తెల్లకాగితం పరిచిన బల్ల ముందు ముగ్గురూ కూర్చున్నారు. అక్క గోడవార స్టూలు మీద కూర్చుంది. సంఘం గుమాస్తా పక్కగదిలో పోసి, కాడలకు దారాలు కట్టి తెచ్చాడు. ఒకటి ఎర్రదారం, ఒకటి తెల్లదారం.

"ఏం బామ్మర్దీ, పొద్దున పళ్లు తోముకోలేదు కదా? పేస్టు రుచి అంటుకుంటుంది" అన్నాడు ముక్కుబావ.

"నా నోటి సంగతి నీకెందుకు బావా? నీ ముక్కు దిబ్బడ వేయకుండా చూసుకో."

"మాటలు ఉమ్మకండి, వైనే ఉమ్మండి" అంది పెద్దమ్మ, బకెట్టు మధ్యకు జరుపుతూ.

కొడుకు ఎర్రదారం గ్లాసు అందుకున్నాడు. కాగితం మీదికి వంచి రంగు చూశాడు. నడుమ చిక్కగా, అంచున ఇటుక ఎరుపు. గిరగిరా తిప్పి ముక్కు పెట్టాడు. కొత్త పీపా చెక్క వాసన.

అంతే, ఒళ్లు మండిపోయింది. కిందటేడు కోతల్లో కొత్త పీపా కొని, ఊరందరి చేతా దాని వాసన చూపించినవాడు ముక్కుబావే. తనది నాన్న నాటి పాత పీపా. ఇక చెప్పేదేముంది? దొరికాడు దొంగ.

గుక్క నోట్లో పోసుకున్నాడు. చెక్క వెనకనుంచి నేరేడు వచ్చింది, దాని వెనక ఎండకు కాగిన పలకరాయి మీద తొలి చినుకు పడ్డ వాసన. వగరు గరుకుగా మొదలై మెత్తబడింది. ఉమ్మేశాక కూడా రుచి పోలేదు. నాలుక మీద కూర్చుని, ఇల్లు నాదే అన్నట్టు కాళ్లు చాపింది. పద్దెనిమిది, అంది నాలుక.

అతని చెయ్యి ఏడు వేసింది. పక్కన వంకర అక్షరాలతో రాసింది: 'కర్ర రసం. పస లేదు.'

తెల్లదారం గ్లాసు మంచిదే. శుభ్రంగా ఉంది, కాకపోతే చివర్లో పలచబడింది. కన్నబిడ్డ కదా అని పదిహేడు వేశాడు. రొమ్ము కాస్త విరిచి కూర్చున్నాడు కూడా.

గుమాస్తా కాగితాలు తీసుకుని చదివాడు. "ఎర్రదారం. పెద్దమ్మగారు పద్దెనిమిది. అల్లుడుగారు పదిహేడు. కొడుకుగారు..." గుమాస్తా కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏడు. మొత్తం నలభై రెండు. తెల్లదారం. పదహారు, పదిహేను, పదిహేడు. నలభై ఎనిమిది."

"ఎర్రది ఎవరిదయ్యా?" అంది పెద్దమ్మ.

"కొడుకుగారిది."

అతనే ముందు నవ్వబోయాడు. "అదెలాగ? అది కొత్త పీపా. నాది పాతది."

అక్క స్టూలు మీంచి లేచింది. "చలికాలంలో నీకు నడుం పట్టేసినప్పుడు నీ పీపా అడుగు కారిందిరా. పెద్దమ్మ కబురంపింది. మా వైన్ తీసి మా ఇంట్లో ఉన్న పాత పీపాలో పోసి, నీది మా కొత్తదాంట్లోకి మార్పించాం. బావే మోశారు. నీకు చెబితే ఒప్పుకుంటావా? కిందకైనా పారబోసేవాడివి."

ముక్కుబావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తన వైన్‌కి తనే పదిహేను వేసుకున్నాడు, బావమరిది వైన్‌కి పదిహేడు.

పెద్దమ్మ అతని కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని, 'కర్ర రసం' అన్న చోట వేలు పెట్టింది. "నీ చిన్నప్పటినుంచి నీ నాలుక నాకు తెలుసు. మీ నాన్నకి చెప్పలేదు గానీ, నీ బావకంటే నీదే సూటి. ఈ ఏడు మార్కులు ఆ నాలుక వేసినవి కావు." కాగితం బల్ల మీద పెట్టింది. "సంఘంలో ఓ నియమం ఉంది. నోరు బాగాలేదని ఒప్పుకుంటే రేపు మళ్లీ పోయిస్తాను. జ్వరమో, పుండో. ఏదో ఒకటి చెప్పు."

"చెప్పరా, పొద్దున దగ్గావు కదా" అంది అక్క. దగ్గలేదని ఆమెకూ తెలుసు.

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు ముక్కుబావ, ఇటు తిరక్కుండానే.

ఒక్క మాట అంటే చాలు, చెక్క చేతికొస్తుంది. అతను నోరు తెరిచాడు. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. అది తను తవ్విన నేల, తను కత్తిరించిన తీగ. బావ ముక్కు గుర్తుపట్టి మెచ్చింది, తన చెయ్యి దాని మొహాన ఉమ్మింది. ఎవరిదైనా సరే, అంత మంచిదని తెలిసే ఉమ్మింది. చెవులు కాలిపోయాయి. బల్ల మీది తెల్లకాగితం వైపు కూడా చూడలేకపోయాడు.

"నా నోరు బాగానే ఉంది పెద్దమ్మా" అన్నాడు. "మొదట్నుంచీ బాగానే ఉంది."

ముక్కుబావ అప్పుడు ఇటు తిరిగాడు. వెక్కిరించి ఉంటే బాగుండేది.

గుమాస్తా చెక్కను బావకు వదిలేసే కాగితం జరిపాడు. అతను వీపు వంచి సంతకం పెట్టాడు: పైచెక్క, ముప్పై ఎనిమిది సెంట్లు, ముసలి తీగలు ఇరవై ఆరు వరసలు.