పదకొండు సెకన్ల రాజు

ఆ పడవకు పడవ అని ఎవరు పేరు పెట్టారో గానీ, "పడవా? ఎందుకు పడవు, నువ్వే కాదు, నీలో ఎక్కినవాడూ పడతాడు" అన్నట్టుంటుంది దాని వ్యవహారం. నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కన, ఒకప్పుడు కందిచేలు ఉన్న ఎర్రనేల మీద వెలసిన వినోదాల పార్కులో అన్నిటికంటే పెద్ద ఆట అదే. దాని పేరు ‘మేఘాల దొంగ’. కథ ఏమంటే, ఒక రాక్షసుడు లోకంలోని మబ్బులన్నీ మూటగట్టి గుహలో దాచేస్తాడు. టికెట్ కొన్న ప్రతివాడూ రాకుమారుడే. ఇరవై మంది రాకుమారులు ఒకే పడవలో గుహలోకి వెళ్లి, పడవకు బిగించిన నీళ్ల తుపాకులతో రాక్షసుణ్ణి కొడతారు. వాడు గర్జిస్తాడు. మబ్బులు విడుదలై వాన కురుస్తుంది. ఆ వానతో పాటే పడవ గుహ నోట్లోంచి యాభై అడుగుల కిందికి జారుతుంది. బోరు వేస్తే దుమ్ము లేచే ఈ నేలలో ఇన్ని నీళ్లు ఎక్కడివని ఎవరూ అడగరు. అరవడంలో ఉంటారు కదా, అడగడానికి నోరు ఖాళీ ఉండదు.

ఆ రాక్షసుడు మొదట మరమనిషి. దూరదేశం నుంచి పెట్టెలో వచ్చాడు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి మెడ పట్టేసింది. తల తిప్పలేని వాడితో తిప్పలు పడలేక, పార్కువాళ్లు విడిభాగం కోసం రాసి, అది వచ్చేదాకా మరమనిషి జాగాలో మరో మనిషిని పెట్టారు.

ఆ మరో మనిషి ఎల్లస్వామి. ముప్పై ఏళ్లు బాగోతంలో రాజు వేషం కట్టినవాడు. దేవరకొండ నుంచి ఆలంపూర్ దాకా ఊరూరా తెర వెనక నుంచి అతని గజ్జెల చప్పుడు వినిపిస్తే, నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపేవారు. తర్వాత బాగోతానికి బాగోలేని రోజులు వచ్చాయి. రాజు వేషం పోయి రాజీ వేషం మిగిలింది. అరవై ఏళ్ల వయసులో తల దాచుకోవడానికి ఎల్లస్వామికి ఒక చోటు దొరికింది, అక్షరాలా రాక్షసుడి తలలోనే. ఉండేది గృహం, కొలువు గుహ.

అందులో నోటికి పని లేదు. గర్జన హైదరాబాదులో ఎవరో రికార్డు చేసిన గొంతు. ఎల్లస్వామి చేయాల్సింది రాతిమెట్టు మీద నడుముకు బెల్టు కట్టుకొని నిలబడి, చేతులు ఊపుతూ తల తిప్పడం మాత్రమే. పార్కు మేనేజరు నవీన్‌కుమార్ మొదటి రోజే మూడు మాటలు చెప్పాడు: గుహలో తల తీయరాదు, నోరు విప్పరాదు, వేషంతో బయటికి రారాదు.

ఇన్ని ‘రాదు’ల మధ్య రాజు ఎక్కడి నుంచి వస్తాడు? వచ్చాడు. దేవరకొండలో నాలుగో తరగతి చదివే కూతురి బిడ్డ సుహాసిని ఒకరోజు ఫోన్లో అడిగింది.

"తాతా, గా పార్కుల నువ్వేం వేషం ఏస్తవ్?"

"ఏమేస్త బిడ్డా, ఎప్పటి లెక్కనే. రాజేషం."

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య హనుమమ్మ తల ఎత్తకుండానే అంది. "రాజట. కొమ్ములొచ్చిన రాజు."

మనుమరాలు ఆ మాట తీసుకెళ్లి బడిలో అందరికీ చెప్పింది. ఆ పార్కులో మా తాత రాజు అని. వినడానికి బాగానే ఉంది. కానీ కార్తీకంలో బడి పిల్లల విహారయాత్ర ఎక్కడికంటే, సరిగ్గా ఆ పార్కుకే పడింది.

ఎల్లస్వామికి తిండి సయించలేదు. నిజం చెప్దామని రెండుసార్లు ఫోన్ చేసి, "అన్నం తిన్నవా బిడ్డా" అని అడిగి పెట్టేశాడు. ఆ పిల్ల పుట్టేనాటికే బాగోతం మూలన పడింది. ఇంట్లో ఫోటో తప్ప తాతను ఒక్కసారైనా రాజుగా చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలు, తర్వాత ఏమైనా పర్వాలేదనుకున్నాడు.

గుహ వెనక పంపులు చూసే ఫహీంకు తన బాధ చెప్పుకున్నాడు. ఫహీం మిర్యాలగూడ వాడు, నలభై ఐదేళ్లవాడు, నీళ్లలో నానీ నానీ వేళ్లు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి.

"ఫహీం భాయ్, పడవ నా ముంగట ఒక్క ఐదు నిమిషాలు ఆపరాదు?"

"పడవ నా చేతిల లేదు రాజా సాబ్. కంప్యూటర్ చేతిల ఉంది."

"మరి నీ చేతిల ఏముంది?"

"పంపు మూత. నీ ముంగటికెళ్లి పడవ తొమ్మిది సెకన్లల్ల పోతది. నేను మూత జర తిప్పితే నీళ్ల జోరు తగ్గి పదకొండు అయితది. ఆ రెండు సెకన్లు నా దిక్కుకెళ్లి నీకు ఇనాం. గంతకంటే నాతోని కాదన్నా."

పదకొండు సెకన్లు. బాగోతంలో రంగం మీదికి వచ్చినవాడు తానెవరో తానే పాడి చెప్పుకోవాలి. అది ప్రవేశ దరువు. చెప్పుకోనిదే కథ అడుగు కదలదు. రాజు దరువు పావుగంట ఉంటుంది. ఎల్లస్వామి ఫహీం ఫోన్లో సెకన్లు చూసుకుంటూ దాన్ని కోయడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఏనుగులు పోయాయి. రెండో రోజు గుర్రాలు పోయాయి. మూడో రోజు తాతముత్తాతలు పోయారు. కోటలూ కొలువులూ పోగా చివరికి రెండు చరణాలు మిగిలాయి.

*వచ్చెనమ్మా ఎల్లరాజు, వానదెచ్చే రాజు వీడు*
*మనుమరాలా సుహాసినీ, మరువకమ్మా తాత వీడు*

"పన్నెండు," అన్నాడు ఫహీం.

"‘వచ్చెనమ్మా’ల ‘అమ్మా’ తీసేస్త."

"ఇప్పుడు పదకొండు. షాబాష్."

బడి పిల్లలు వచ్చే శనివారం ఎల్లస్వామి ఇంటి దగ్గరే అద్దం ముందు కూర్చొని ముఖానికి రాజు వేషానికి వేసే పచ్చటి అర్దళం రంగు పూసుకున్నాడు. కళ్లకు కాటుక, పెదాలకు ఎర్రరంగు, కోర మీసం. కిరీటం రాక్షసుడి తలలో పట్టదు కాబట్టి వదిలేశాడు. మూతికి తువ్వాల చుట్టుకొని బస్సెక్కి వచ్చి, ఎవరి కంటా పడకుండా రాక్షసుడి తల తగిలించుకున్నాడు. పైన రాక్షసుడు, లోపల రాజు. మనుమరాలి పడవ వచ్చినప్పుడు పైవాణ్ణి తీసేస్తే చాలు.

దేవరకొండ పిల్లలు ఏడో పడవలో ఉన్నారని ఎక్కించేవాళ్లు ఫహీంకు ఫోన్ చేసి చెప్పారు. ముందు ఆరు పడవలున్నాయి. పడవకు ఇరవై తుపాకులు. అన్నీ ముఖానికే గురి. రాక్షసుడి తలకు కళ్ల దగ్గరా నోటి దగ్గరా కంతలే. నీళ్లు లోపలికి వచ్చినట్టు ఎల్లస్వామికి తెలుస్తూనే ఉంది. ముఖం చల్లగా ఉంది, అంతవరకే తెలిసింది. గుహలో అద్దం లేదు.

ఏడో పడవ మలుపు తిరిగింది. మొదటి వరసలో స్నేహలత టీచరు, ఆమె చేయి పట్టుకొని ఆకుపచ్చ రిబ్బన్ల సుహాసిని. ఫహీం మూత తిప్పాడు. పడవ కాస్త నెమ్మదించింది. ఎల్లస్వామి రెండు చేతులతో తల పీకి చంకలో పెట్టుకొని దరువు ఎత్తుకున్నాడు.

అదే క్షణాన స్పీకర్లో హైదరాబాదు గొంతు గర్జించింది. గుహంతా ఆ గొంతే. ముప్పై ఏళ్లు మైకు లేకుండా మూడు వీధులకు వినిపించిన ఎల్లస్వామి గొంతు అతని చెవికే వినిపించలేదు. ఎల్లరాజు ఎటు పోయాడో, వాన ఎటు పోయిందో తెలియదు. గర్జనకూ గర్జనకూ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందులో సరిగ్గా ఒక్క మాట పడింది.

"సుహాసినీ."

ఆకుపచ్చ దీపం వెలుతురులో ఆ పిల్ల తలెత్తి చూసింది. కళ్లు ఇంతలేసి చేసుకొని చూసింది. పడవ గుహ అంచు దాటింది. వాన కురిసింది. యాభై అడుగుల కింది నుంచి ఇరవై కేకల్లో ఒక కేక విడిగా పైకి వచ్చింది.

"తాతా..."

ఎల్లస్వామి ఆ కేక వైపు ముందుకు వంగాడు. బెల్టు లేకపోతే నీళ్లలో పడేవాడే.

"ఇన్నవా భాయ్? పోల్చింది. పిల్ల నన్ను పోల్చింది."

ఫహీం పంపుల సందులోంచి తొంగి అతని ముఖం చూశాడు. చూపు మళ్లించుకొని మూత యథాస్థానానికి తిప్పాడు.

పావుగంటలో నవీన్‌కుమార్ వచ్చాడు. మంచివాడే, ముఖం చూపలేక ఫోన్ చూస్తూ మాట్లాడాడు.

"పెద్దాయనా, తల తీసింది కెమెరాల పడ్డది. పైనుంచి ఫోనొచ్చింది. నా చేతిల ఏం లేదు. మరమనిషి మెడ స్పేరు కూడ పొద్దున్నే వచ్చింది. రేపటి సంది..."

"సరే సార్," అన్నాడు ఎల్లస్వామి నవ్వుతూ. కొలువులోంచి తీసేస్తే నవ్వేవాణ్ణి నవీన్‌కుమార్ ఎప్పుడూ చూడలేదు.

నల్లా కింద గబగబా ముఖం కడుక్కొని, తెల్ల అంగీ తొడుక్కొని, ఎల్లస్వామి గేటు దగ్గరికి పరుగెత్తాడు. బడి బస్సు ఇంజను ఆడుతోంది. కిటికీలో సుహాసిని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తాతా, నువ్వేడికి పోయినవ్?"

"ఈడనే ఉన్న గద బిడ్డా. నువ్వు పిలిచింది ఇన్న."

"ఇంటే మరెందుకు రాలే? ఆ రాక్షసుడు తలకాయ పీకి చంకల పెట్టుకున్నడు. లోపట ఇంకో మొఖముంది తాతా. కండ్లకెళ్లి నల్లగ కారుతాంది, మూతికెళ్లి నెత్తురు కారుతాంది. నా పేరు పెట్టి పిలిచిండు. నువ్వు రాజువు గదా, ఒస్తవని ఎంత మొత్తుకున్న."

ఎల్లస్వామి నోరు తెరిచాడు. ఇప్పుడు అడ్డుపడే గర్జన ఏదీ లేదు, కావలసినన్ని సెకన్లున్నాయి. చెప్పుకోవడానికి మాత్రం ఒక్క చరణం రాలేదు.

"నీ చెవెనుక పచ్చగ ఏంది?" అంది పిల్ల.

చేత్తో తడుముకున్నాడు. "రాజు రంగు బిడ్డా. కడిగితే పోలే."

పిల్ల ముఖం కొంచెం తేరుకుంది. కిటికీలోంచి చేయి చాపి ఆ పచ్చ రంగును వేలితో ముట్టుకుంది.

"ఆ రాక్షసుణ్ణి తీసెయ్ తాతా. మళ్ల ఏరే పిల్లలొస్తరు గదా, జడుసుకుంటరు."

"తీసేసిన. రేపటి సంది వాడుండడు."

"నిజంగ?"

"రాజు మాట."

సుహాసిని బస్సులోకి తిరిగి అందరికీ వినిపించేలా చెప్పింది, "మా తాత రాక్షసుణ్ణి ఎల్లగొట్టిండు." స్నేహలత టీచరుతో సహా బస్సంతా చప్పట్లు కొట్టింది. కిటికీల నిండా చేతులు ఊగాయి. ఎల్లస్వామి కొలువులో రాజు ఎత్తినట్టు కుడిచేయి పైకెత్తాడు.

బస్సు కదిలి హైవే ఎక్కింది, మలుపులో కనుమరుగైంది. ఎత్తిన చేయి ఎప్పుడు దించాలో అతనికి తెలియలేదు. బాగోతంలో అయితే ఇట్లాంటప్పుడు ముందుకొచ్చి తెర పట్టేవాళ్లు ఇద్దరుంటారు.