ముత్తుకూరులో రవ్వ దొరకని ఆదివారం

ముత్తుకూరులో షామియానాలు అద్దెకిచ్చే హజరత్తయ్య నోరు తెరిచాడంటే చిన్న మాట బయటికి రాదు. ఆయన చెప్పే తుఫానులో రేకుల షెడ్డు ఎగిరి, వెంకటాచలం హైవే మీద బస్సుని దాటుకుని పోతుంది. వినేవాళ్ళు నవ్వుతారు, వాళ్ళతోపాటు ఆయనా నవ్వుతాడు.

ఆ మనిషికి ఒకే ఒక్క నిజమైన కోరిక ఉండేది. పదేళ్ళ కిందట నెల్లూరులో షామియానా వేస్తుంటే వేదిక మీద కచేరీ మొదలైంది. గుంజకి తాడు కడుతున్నవాడు కట్టడం మరిచిపోయి, రెండు గంటలు ఆ తాడు పట్టుకుని నిలబడిపోయాడు. అలాంటిది మా ఊరి పిల్లలు ముందు వరసలో కూర్చుని వినాలని అప్పుడే అనుకున్నాడు.

అందుకే ఒక సంగీత సభ కార్యదర్శి నరేంద్రబాబు, పిల్లలకీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ కచేరీలు వినిపించాలని ఊళ్ళు చూస్తుంటే, హజరత్తయ్య వెళ్ళి మా ఊళ్ళో పెట్టమన్నాడు. కచేరీ అంటే ఏమిటో తెలియని పిల్లలు గంటసేపు కూర్చుంటారా అని నరేంద్రబాబు సందేహపడ్డాడు.

"మా పిలకాయలు రెప్ప గూడా కొట్టరు సార్," అన్నాడు హజరత్తయ్య.

సరే చూద్దాం, గంట కూర్చుంటే ఏడాదికి నాలుగు కచేరీలు మీకే, మధ్యలో లేచిపోతే అన్నీ కోవూరుకే అని తేల్చేశాడు నరేంద్రబాబు.

కచేరీకి ముందు రోజు, శనివారం సాయంత్రం, మృదంగ విద్వాంసుడు సుశీల్ కుమార్ ఫోన్ చేశాడు. రేపు పొద్దున పదింటికి మొదలుపెడదాం, ఒక గుప్పెడు బొంబాయి రవ్వ, కాసిని నీళ్ళు సిద్ధంగా ఉంచమన్నాడు. హజరత్తయ్య గుండె కరిగిపోయింది. అంత పెద్ద విద్వాంసుడు, ఉప్మా కావాలని అడగడానికి మొహమాటపడి గుప్పెడు రవ్వ అంటున్నాడని భార్య చెంచమ్మతో చెప్పాడు.

"గుప్పెడు ఉప్మా పెట్టి పంపినామంటే నెల్లూరులో తలెత్తుకుంటామా?" అంది చెంచమ్మ.

దాంతో హజరత్తయ్య ఊళ్ళో ఉన్న నాలుగు కొట్లలోనూ రవ్వంతా ఊడ్చేశాడు. చాలదని ఇళ్ళల్లో డబ్బాలు కూడా గుమ్మరించుకొచ్చాడు. వచ్చే మూడొందల మంది పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ కూడా పెట్టాలి మరి. ఆదివారం పొద్దున అల్లం, జీడిపప్పు, నెయ్యి పడి ఉప్మా ఉడుకుతుంటే ఆ వాసన కృష్ణపట్నం రేవుదాకా పోయింది. అక్కడ బొగ్గు దించుతున్న ఓడ ఆగలేక రెండుసార్లు కూత పెట్టింది.

సుశీల్ కుమార్ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చేతులు కడుక్కుని, కల్యాణ మండపం వేదిక మీద గాయకుడి, వయొలిన్ ఆయన పక్కన కూర్చుని, మృదంగం గుడ్డ విప్పి, రవ్వ ఏదండీ అన్నాడు.

"ఇప్పుడే తింటిరి గదా సార్," అన్నాడు హజరత్తయ్య.

విద్వాంసుడు ఓపిగ్గా వివరించాడు. రవ్వని నీళ్ళతో ముద్ద చేసి మృదంగం ఎడమ వైపు అంటిస్తేనే దానికి గంభీరమైన గొంతు వస్తుంది. ముద్ద లేకుండా ఎలా ఉంటుందో వాయించి చూపించాడు. ఖాళీ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

హజరత్తయ్య బయటికి పరిగెత్తాడు. ఊళ్ళో రవ్వ గింజ లేదు. చెంచమ్మ ఉప్మా గుండిగ వంచి చూపించింది. అడుగంటిన మాడు కూడా మిగలలేదు. నెల్లూరు పోయి తేవాలంటే గంటన్నర. లోపల పిల్లలు తేనెపట్టు కదిలినట్టు లేచారు. కొందరు తల్లులు చెప్పులు వెతుక్కుంటున్నారు. నరేంద్రబాబు గడియారం చూసుకుని, కోవూరు మండపం కూడా బాగానే ఉంటుందని పక్కాయనతో అన్నాడు.

హజరత్తయ్య దగ్గర ఆ క్షణాన ముప్పై అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ మృదంగానికి అంటుకునేది కాదు. మైకు తీసుకున్నాడు.

"తప్పు నాదే. ఆ మద్దెలకి పెట్టాల్సిన రవ్వ మీకు పెట్టినా. అది పస్తు ఉండాది."

మండపమంతా గొల్లున నవ్వింది. ముందు వరసలోంచి ఏడేళ్ళ ఆయేషా లేచింది. ఎదురుగా ఉన్న పరోటా కొట్టు నాగూర్ కూతురు.

"మా నాయన కాడ పిండి ఉండాది," అంది.

నాగూర్ పరోటా పిండి తెచ్చాడు. దాంట్లో నూనె. మూడో దెబ్బకే ముద్ద జారి, ఎగిరి, నరేంద్రబాబు జేబు మీద అతుక్కుంది. చెప్పులు వేసుకున్న తల్లులు కూడా ఆగి చూశారు. ఇంకో ఇంటి నుంచి దోసెల పిండి వచ్చింది. అది విద్వాంసుడి పంచె మీదికి కారింది.

అప్పుడు నాగూర్ దగ్గరికొచ్చి, ఆ తోలుని వేలి కణుపుతో మెల్లగా తట్టి చూశాడు. "బరువు కావాల్నా, జిగట కావాల్నా సార్?" అని అడిగాడు. రెండూ కావాలన్నాడు విద్వాంసుడు. నాగూర్ గోధుమపిండి తెప్పించి, నూనె చుక్క తగలనీయకుండా, వేదిక అంచునే కూర్చుని కలిపాడు.

సుశీల్ కుమార్ ముద్ద అంటించి ఒక్క దెబ్బ వేశాడు. పిల్లల వైపు తిరిగి, వచ్చిందా గొంతు అని అడిగాడు. రాలేదన్నారు. నాగూర్ ఇంకొంచెం నీళ్ళు చల్లాడు. మళ్ళీ దెబ్బ. కొంచెం వచ్చిందని ఆయేషా, ఎక్కువైందని వెనక ఎవరో. ప్రతిసారీ ఆ ఒక్క దెబ్బ కోసం మూడొందల మందీ ఊపిరి బిగబట్టారు. నాలుగోసారికి మండపంలో పంకాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఐదోసారి చెయ్యి పడగానే ధుమ్మని లేచిన మోత నేల గుండా వచ్చి, ఉప్మా ఉన్న ప్రతి పొట్టలోనూ మోగింది. కృష్ణపట్నం ఓడ ఈసారి కూయలేదు. అది కూడా వింటూ ఉండిపోయింది.

పాట మొదలైంది. వాళ్ళ ఊరి పిండితో, వాళ్ళు పరీక్షించి, వాళ్ళు ఒప్పుకున్న గొంతు అది. ఎప్పుడెప్పుడు పలుకుతుందా అని పిల్లలు మెడలు సాచి కూర్చున్నారు. దాని కోసం కాచుకోబోయి పాట విన్నారు, వయొలిన్ విన్నారు. ఒకసారి పాటకీ పాటకీ మధ్య ఆయేషా లేచి, "సార్, ముద్ద ఎండిపోతా ఉండాది," అంటే విద్వాంసుడు వంగి చూసుకుని తడి చేసుకున్నాడు.

గంట దాటింది. రెండు గంటలు కావస్తుండగా మంగళం పాడారు. అప్పుడు కూడా ఎవరూ లేవలేదు. జేబు మీద పిండి మరకతో నరేంద్రబాబు హజరత్తయ్య దగ్గరికొచ్చాడు.

"రెప్ప కొట్టరన్నారు. కొడుతూనే ఉన్నారండీ."

"ఉప్మా తిన్న రెప్పలు సార్, బరువుంటాయి."

నరేంద్రబాబు నవ్వు ఆపుకోలేక, నాలుగు కచేరీలకూ తేదీలు అక్కడే రాయించాడు.

మర్నాడు వెంకటాచలంలో టీ కొట్టు దగ్గర హజరత్తయ్య ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఓడ సంగతి తప్ప ఒక్క ముక్క కలపలేదు. అయినా ఒక్కడూ నమ్మలేదు. షెడ్డు ఎగిరిందంటే సర్దుకుపోయినాం, ముత్తుకూరు పిల్లలు రెండు గంటలు కూర్చున్నారంటే మాత్రం మరీ ఎక్కువైందన్నారు.

హజరత్తయ్య వాదించలేదు. స్కూటర్ డిక్కీ తెరిచి రవ్వ పొట్లం చూపించాడు.

"వచ్చే కచేరీకి రాండి. ఇది మాత్రం మీకు పెట్టను."