మనసులో ఎనిమిది

రెండో క్లాసు టీచర్ రోజూ హాజరు పిలవడం అవగానే కూడికలు మొదలుపెట్టేది. పలకా వద్దు, పుస్తకమూ వద్దు. "ఎనిమిదీ ఐదూ ఎంత? పెద్దది మనసులో, చిన్నది వేళ్ళ మీద. ఎనిమిది తర్వాత?" అనేది. "తొమ్మిది, పది, పదకొండు..." అంటూ నలభైమందీ వేళ్ళు ముడుస్తూ పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. కాస్త చురుకైనవాళ్ళకి ఇంకో దారి చెప్పేది: ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికి ఇచ్చెయ్, పదవుతుంది, మిగిలిన మూడూ దానికి కలుపు.

అంకెని నిజంగా మనసులో పెట్టుకున్నారా, ఊరికే పెదాలాడిస్తున్నారా అన్నది కనుక్కోవడం తేలికే. వీపుకి చెవి ఆనిస్తే చాలు. ఎనిమిది పెట్టుకున్న పిల్లల లోపల "ఎనిమిది, ఎనిమిది" అని సన్నగా వినిపిస్తూ ఉంటుంది. అన్ని బళ్ళలోనూ అలాగే చూస్తారు. జలుబు చేసిన పిల్లలది మాత్రం ఓ పట్టాన వినపడి చావదు.

ఆ క్లాసులో పిచ్చుక అని అందరూ పిలిచే పిల్ల ఒకతి ఉంది. మొదట్లో లెక్కలు బాగానే చేసేది. నెల్లాళ్ళుగా ఏమడిగినా నోరు విప్పడం లేదు. శుక్రవారం పెద్ద మేడం వచ్చి, లోపల అంకె వినపడని పిల్లల్ని ఒకటో క్లాసుకి దింపేస్తుంది. పిచ్చుక వాళ్ళమ్మ కుట్టుమిషన్ ఆపేసి మరీ బడికొచ్చింది. "దాని నేస్తాలంతా పైనే ఉండిపోతే అది తట్టుకోలేదండీ, కాస్త చూడండి టీచర్" అని బతిమాలుకుని వెళ్ళింది.

గురువారం టీచర్ పిల్లని దగ్గరికి పిలిచి, "ఎనిమిది పెట్టుకో" అని వీపుకి చెవి ఆనించింది. ఎనిమిదీ లేదు, గినిమిదీ లేదు. "నీ బుర్రలో ఉన్నదంతా మట్టే! నీ బుర్రలో ఉన్నదంతా మట్టే!" అంటోంది లోపల ఎవరో, విసుగ్గా, కీచుగా. ఎవరో ఏమిటి, అది తన గొంతే.

టీచర్ సిగ్గుతో చితికిపోయింది. ఆ మాట ఎప్పుడందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తనకి గుర్తయినా లేని మాట ఈ పిల్లలో నెల్లాళ్ళుగా మోగుతోందా? రేపు పెద్ద మేడం చెవి పెడితే? ఆవిడ ఆ గొంతు గుర్తుపట్టకుండా ఉంటుందా?

అందుకే శుక్రవారం పిచ్చుక వంతు రాగానే తొందరపడింది.

"దీన్ని మీరు వినక్కర్లేదు మేడం. నేను విన్నాను. అంతా ఖాళీ. కిందికి దింపెయ్యండి."

ఎంత సులువుగా వచ్చేసిందో అబద్ధం! పెద్ద మేడం లిస్టులో పేరు రాసేసుకుంది.

"ఖాళీ కాదు టీచర్" అంది పిచ్చుక. "మీరు పెట్టుకోమన్నదే పెట్టుకున్నాను."

"ఏం పెట్టుకోమన్నారే?" అంది పెద్ద మేడం.

"నీ బుర్రలో ఉన్నదంతా మట్టే, ఆ సంగతి మనసులో పెట్టుకో అన్నారు. పోకుండా జాగ్రత్తగా పెట్టుకున్నాను. వేళ్ళ మీద ఏం పెట్టుకోవాలో మాత్రం ఇంకా చెప్పలేదు. చెప్తే కలిపేస్తాను."

ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. టీచర్‌కి నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చేసేదేముంది, పిచ్చుక భుజాలు పట్టుకుని వీపు ఆవిడవైపు తిప్పి, "వినండి మేడం" అంది.

పెద్ద మేడం చాలాసేపు విన్నది. ఎవరి దగ్గరా అంతసేపు వినలేదు. తర్వాత లేచి, రాసిన పేరు కొట్టేసి, టీచర్ మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

టీచర్ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది.

"అది తీసెయ్యమ్మా. అది తప్పు."

"తప్పు లెక్కా?"

"ఊఁ."

"ఎవరు చేశారు?"

"నేనే" అంది టీచర్. తలెత్తలేకపోయింది.

టీచర్లు కూడా తప్పు చేస్తారని పిచ్చుకకి అప్పటిదాకా తెలీదు. అయ్యో పాపం అనిపించింది. తన కుడిచెయ్యి చాపి, ఐదు వేళ్ళూ టీచర్ ఒళ్ళో పెట్టింది.

"నా వేళ్ళు తీసుకోండి టీచర్. నెమ్మదిగా చెయ్యండి, వస్తుంది."

టీచర్ ఆ వేళ్ళని రెండు చేతులా పట్టుకుంది.