పెద్దన్న నిద్రబిళ్ళలు

పెద్దన్న నిద్రమాత్రలు మింగి మంచం మీద కొయ్యబారి పడుండాడంట అని పక్కింటి నాగక్క కొళాయి కాడ చెప్పిందంట. ఆ మాట చర్చికి చేరేసరికి, పెండ్లాం రత్నమణి మీద అలిగి సీసాకు సీసా మింగేసినాడని అయింది. పాస్టరు ప్రసంగం నడుమలోనే సగం చర్చి ఖాళీ.

మా బేతంచెర్లలో పురుగుమందు తాగినోళ్ళను చూసి చూసి అందరికీ వైద్యం వచ్చు. రత్నమణి గుండెలు బాదుకుంటా వచ్చేలోపే, ఎదురింటి ఉరుకుందు పెద్దన్న ముక్కు మూసి రెండు చెంబులు సబ్బునీళ్ళు పోసేసినాడు. పెద్దన్న వాకిట్లో కక్కుకుంటా, "ఏం రోగమప్పా నీకు? నెల దినాలకు పట్టిన నిద్ర, చెడగొడ్తివి కదా!" అన్నాడు.

సంగతేమంటే, పెద్దన్న ఫ్యాక్టరీలో నాపబండలు కోసే మిషన్ కాడ పనిచేస్తాడు. నెల దినాలుగా నిద్రలేక మిషన్ ముందరే తూగుతాంటే, "ఇంకొక్కసారి తూగితే పనికి రావద్దు" అన్నాడు మేస్త్రీ. మందుల షాపులో డాక్టరు చీటీ అడక్కుండానే నిద్రకని జెల్లీ బిళ్ళల సీసా ఇచ్చినారు. శనివారం రాత్రి ఒకటి తిన్నాడు, పట్టలేదు. తియ్యగానే ఉండాయి కదా అని తెల్లారుజామున ఇంకో నాలుగు నమిలినాడు.

రత్నమణి అక్క కూతురు క్రిస్టినా ఆస్పత్రిలో నర్సు. చర్చి నుంచే వచ్చి నాడి పట్టుకుని, సీసా తిప్పి చూసింది.

"చచ్చే మందేం కాదులే పిన్నమ్మా. ఉరుకుందు మామా, ఆ సబ్బునీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయింటే నువ్వే చంపింటావు."

"చెట్టుమందే, ఏం కాదు అనె కదమ్మా షాపాయప్ప?" అంది రత్నమణి.

"గన్నేరు గూడా చెట్టే పిన్నమ్మా. పైన రాసినంతే లోపల ఉంటాదని నమ్మకం లేదు. కొందరికి రవ్వంత పనిచేస్తాది, కొందరికి అదీ లేదు. మత్తు మాత్రం మర్నాడు గూడా వదలదు. చిన్నాయనా, దినానికి ఎన్ని టీలు తాగుతాండావు?"

"పన్నెండు. తూగు రాకుండా."

నాగక్కతో సహా అందరూ నవ్వినారు. పెద్దన్న నవ్వలేదు.

"టీ మానేస్తే తూగుతా. తూగితే పని పోతాది. ఈ రాత్రికి ఇంకో రెండు తిని పండుకుంటా. రేపు బండలు కోసే మిషన్ కాడ నిలబడాల్సిందే" అన్నాడు మొండిగా.

క్రిస్టినా సీసా ఆయన చేతిలోనే పెట్టింది.

"తిను చిన్నాయనా. అన్నం తినే చెయ్యి మాత్రం ఇంటికాడ పెట్టి పో."